మంచిగనే అర్సుకున్నరు

ఆఫీసులో నాకొక పేరుండేది. మేడం రాసిన కాగితాన్ని మళ్లీ చూడక్కర్లేదు, కళ్లు మూసుకొని సంతకం పెట్టొచ్చు అనేవాళ్లు. ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను సంపాదించుకున్నది ఆ ఒక్క పేరే. రిటైరైన రోజు శాలువా కప్పి, మైకు పట్టుకొని, మళ్లీ అదే మాట చెప్పారు. నేను తలొంచుకొని కూర్చున్నాను. వినయం అనుకొని చప్పట్లు కొట్టారు. వినయం కాదు, సిగ్గు. ఆ మాట చెవిన పడగానే నాకు ఒక ముసలాయన ముఖం గుర్తొచ్చింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీరు నాకంటే తెలివైనవాళ్లు, కంప్యూటరు మీద మూడు భాషలు టకటకా కొట్టగలరు, పరీక్షల్లో అంతమందిని దాటుకొని వచ్చారు. మీకు పని నేర్పే అర్హత నాకు లేదు. నేను ఎక్కడ చెడిపోయానో చెప్పే అర్హత మాత్రం ఉంది, అది ఎవరూ నా దగ్గరనుంచి తీసుకోలేరు.

మాది మోత్కూర్ దగ్గర పల్లె. మొదటి ఉద్యోగం నందికొండలో, టైపిస్టుగా. చేరిన వారంలోనే ఒక ఉత్తరంలో ‘రైతు వచ్చిండు’ అని కొట్టాను. మా సూపరింటెండెంట్ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకొని, ఇది ఏ దేశపు భాషమ్మా అని అందరి ముందూ చదివాడు. గదంతా నవ్వింది. మా జిల్లావాళ్లే ఎక్కువ నవ్వారు, తాము అలా రాయరని చూపించుకోవాలి కదా. ఆ సాయంత్రం క్వార్టర్స్‌కు పోయి బాగా ఏడ్చి, మర్నాడు పాత ఫైళ్లు ముందేసుకొని కూర్చున్నాను. ‘విచారించగా తేలినదేమనగా’, ‘తమరికి విన్నవించుకొనుట ఏమనగా’. ఆరు నెలల్లో ఆ సూపరింటెండెంట్‌ను మించిపోయాను. అప్పటినుంచి జనం ఏ మాట అన్నా నా కలం కిందికి వచ్చేసరికి ఇస్త్రీ అయిపోయేది. ‘బర్రె సచ్చింది సారూ’ అని ఒకామె ఏడిస్తే ‘గేదె మరణించినది’ అని రాసేదాన్ని. ఏడుపు పోయేది, ఆ సంగతి నాకు తట్టేది కాదు.

చివరి పోస్టింగ్ పాలమూరు వైపు, మాజీ సైనికుల పనులు చూసే ఒక చిన్న ఆఫీసులో. ఏ ఊరో చెప్పను. మూడు గదులు, ఒక వేపచెట్టు, ఎప్పుడూ పనిచేయని నీళ్ల మిషను. మా అధికారి సైన్యంలో పెద్ద హోదాలో చేసి దిగినవారు. వేరే రాష్ట్రం మనిషి, తెలుగు వింటే అర్థమయ్యేది గానీ చదవరాదు. అందుకని తెలుగు కాగితం ఏదైనా నా మాటే చివరి మాట. నేను సీనియర్ అసిస్టెంటును, నా కింద ఒక అటెండరు. జిల్లాలు విడగొట్టిన కొత్త రోజులవి. సగం ఫైళ్లు మూటల్లో ఉండేవి, వచ్చిన మనిషి ఏ జిల్లావాడో తేల్చడానికే ఒక పూట పట్టేది.

అప్పుడు పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. యుద్ధంలో శత్రువు చేతికి చిక్కి, ఖైదీలుగా ఉండి తిరిగి వచ్చిన సైనికులు మీ జిల్లాలో ఎవరైనా బతికి ఉంటే వాళ్ల వాంగ్మూలాలు తీసి పంపండి అని. యుద్ధ ఖైదీలను ఎలా చూసుకోవాలో దేశాల మధ్య ఒప్పందాలున్నాయట. వాటిని ఎవరు మీరారో, ఎవరు జవాబు చెప్పాలో తేల్చడానికి సాక్ష్యాలు కూడగడుతున్నారట. ప్రశ్నలు రెండే. మీ పట్ల ఎలా ప్రవర్తించారు? మీతో ఉండి తిరిగి రానివారి గురించి మీకేం తెలుసు?

మా రిజిస్టర్లలో అలాంటి మనిషి ఒక్కడే తేలాడు. కోస్గి దగ్గరి పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. అటెండరు ఫోన్ చేసి పిలిపించాడు. గడువు చివరి రోజున మధ్యాహ్నం మూడు దాటాక వచ్చాడు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, భుజం మీద గొంగడి, నిటారుగా నడక. వెంట ఒక పెద్దావిడ. కూర్చోమంటే ముందు ఆమెను కూర్చోబెట్టి తర్వాత తాను కూర్చున్నాడు.

“ఈమె మా దోస్తు పెండ్లాం అమ్మా. మా పక్కూరే” అన్నాడు. “నేను, ఆయిన ఒక్కనాడే భర్తీ అయినం, ఒక్కనాడే దుష్మన్లకు దొరికినం. నేనొక్కణ్నే మర్లొచ్చిన.”

ఆమె చీర కొంగు సర్దుకొని ముందుకు జరిగింది. “మేడం, ఊర్లె ఇంకా అదే మాట. ఆడ ఇంకోదాన్ని జేస్కొని ఉన్నడు, గందుకే రాలేదంటరు. నా మన్మరాలిని గూడ బళ్లె ఎక్కిరిచ్చిన్రు, మీ తాత దుష్మన్ల మనిషని. జరమొచ్చి పోయిండని ఈ అన్న జెప్తనే ఉన్నడు. నోటి మాట ఎవ్వడింటడు? సర్కారు కాయితం మీద రావాలె.”

పింఛను ఆమెకు ఎప్పటినుంచో వస్తోంది. ఆమె దాని కోసం రాలేదు. ఆయన పారిపోలేదు, ఖైదులో చనిపోయాడు అన్న ఒక్క వాక్యం, కింద ముద్రతో. దాని కోసం వచ్చింది.

నేను గడియారం చూసుకున్నాను. నాలుగున్నరకు నా బస్సు. మర్నాడు పొద్దున్నే మా అధికారి కాగితాలు తీసుకొని హైదరాబాద్ పోవాలి. తెల్ల కాగితం ముందేసుకొని మొదటి ప్రశ్న అడిగాను. తల ఎత్తలేదు. రాసేటప్పుడు ఎదుటి మనిషి ముఖం చూడకపోవడం నాకు అలవాటు. చూస్తే వాక్యం చెడుతుందని నా నమ్మకం.

ఆయన అన్నాడు. “మంచిగనే అర్సుకున్నరమ్మా. పొద్దుమాపు అర్సుకున్నరు. ఒక్క పూట గూడ మర్వలే.”

నేను రాశాను: ‘శత్రు సైనికులు మమ్ములను సక్రమముగా చూసుకొనిరి. ప్రతిదినము ఉదయం, సాయంత్రం తప్పక మా యోగక్షేమములు విచారించెడివారు.’

రెండో ప్రశ్న. ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఆయిన్ని నా కంటె ఎక్కువ అర్సుకున్నరు. ఆయిన ఆడనే ఉండిపోయిండు.”

నేను రాశాను: ‘నా సహచరుని నాకన్నా మిక్కిలి శ్రద్ధతో చూసుకొనిరి. అతడు అక్కడనే ఉండిపోయినాడు.’

కింద మామూలుగా వేసే వాక్యం వేశాను: ‘చదివి వినిపించగా సరి అని ఒప్పుకొని సంతకము చేసితిని.’ చదివి వినిపించలేదు. బస్సు టైమైంది. ఆయనకు తెలుగు చదవడం రాదు, చదువు సైన్యంలోనే అబ్బింది, హిందీలో. పెన్ను తీసుకొని హిందీ అక్షరాలతో నిదానంగా సంతకం పెట్టాడు. ఆమె రెండు చేతులూ జోడించి, నీ పిల్లలు సల్లగుండ అంది. నేను నాలుగున్నర బస్సు అందుకున్నాను, కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

మన దగ్గర పుట్టని వాళ్ల కోసం ఇక్కడ ఒక మాట. అర్సుకొనుడు అంటే మంచిచెడ్డలు చూసుకోవడం. జబ్బు పడ్డవాడి దగ్గరికి పోయి ఎట్లున్నవని అడగడం, ముసలివాళ్లకు వేళకు ఇంత తిండి పెట్టడం. అదే మాటను గొంతు కొంచెం మార్చి అంటే దెబ్బలు కొట్టడం. ఠాణాకు పోయి వచ్చినవాణ్ని మంచిగ అర్సుకున్నరా అని అడిగితే, వాడు వీపు చూపిస్తాడు గానీ ఏం తిన్నాడో చెప్పడు. ఇది నాకు తెలియక కాదు. బడి ఎగ్గొట్టిన రోజు మా బాపు “ఇంటికి రా బిడ్డా, అర్సుకుంట” అంటే నేను పొద్దుగూకేదాకా చేనుగట్టు మీదే కూర్చునేదాన్ని. తెలిసి కూడా రాశాను. చెవి విన్నది ఒకటి, ముప్పై ఏళ్లుగా తర్ఫీదైన చెయ్యి రాసింది ఇంకొకటి.

నాలుగు నెలలు గడిచాయి. ఆ సంగతే మర్చిపోయాను. ఒకరోజు ఆఫీసు తలుపులు తీస్తుండగానే ఆ పెద్దావిడ వచ్చింది. ఈసారి చేతులు జోడించలేదు. సంచిలోంచి కవరు తీసి నా బల్ల మీద పెట్టింది. ఆ ముసలాయన కూడా వచ్చాడు గానీ లోపలికి రాలేదు, వరండాలో గొంగడి పట్టుకొని నిలబడ్డాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

కవరు విప్పి చదివాను. మా కాగితం పైకి పోయి, ఇంగ్లీషులోకి మారి, ఇంకా పైకి పోయి, మళ్లీ తెలుగులోకి మారి ఆమె ఇంటికి చేరింది. ఇన్ని చేతులు మారేసరికి నా వాక్యానికి ఇంకో మాట కూడా తోడైంది. ‘మీ భర్త శత్రు దేశములో మంచి సదుపాయములు పొంది, స్వచ్ఛందముగా అక్కడనే ఉండిపోయినట్లు ఆయన సహచరుని వాంగ్మూలము ద్వారా తెలియవచ్చుచున్నది.’

“బళ్లె సారుతోని సదివిచ్చిన మేడం” అంది ఆమె. “ఊరోళ్లు నలుగురు కూసుండి ఇన్నరు. నేనే పిలిచిన, అందరు ఇనాల్నని. శక్కెర గూడ పట్కపోయిన నోరు తీపి జేద్దామని.” ఆమె బల్ల మీది కాగితాన్ని నా వైపు నెట్టింది. “గిన్నేండ్లు ఊరన్నది, పడ్డ. ఇప్పుడు సర్కారే అన్నది. ఈ అన్న గూడ గట్లనే జెప్పిండట. మరి నాతోని జరమని ఎందుకన్నడు? ఆయిన్ని బతికుండంగనే ఇడిసిపెట్టొచ్చిండా? జర నువ్వన్న జెప్పు.”

అటెండరును పిలిచి, అక్కను తీసుకుపోయి చాయ తాగించమన్నాను. వరండాలోంచి ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

“నేనేం జెప్పిన్నో సదువమ్మా” అన్నాడు. మా ఆఫీసు కాపీ తీసి చదివాను. మొదటిసారి పైకి చదివాను. యోగక్షేమములు విచారించెడివారు అన్నచోటికి వచ్చేసరికి నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది. అయినా ఆపకుండా చివరిదాకా చదివాను.

“గిది నేను జెప్పిన మాట గాదు” అన్నాడు.

ఏ ఉద్యోగికైనా ముందు నోటికొచ్చేది తనను తాను కాపాడుకునే మాటే. నాకూ అదే వచ్చింది. “మంచిగ అర్సుకున్నరని మీరే అన్నరు కదా అన్నా” అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. “అన్న. నువ్వు ఏడ పుట్టినవ్ చెల్లె?”

“మోత్కూర్ దిక్కు.”

“మోత్కూర్ల అర్సుకునుడంటె ఏంది?”

నేను చేతిలోని కాపీని బల్ల మీద బోర్లా పెట్టాను.

“ఆమె నా పక్కపొంటి కూసున్నది” అన్నాడు మెల్లగా. “జరమొచ్చి, నిద్రల్నే పోయిండని జెప్పుకొచ్చిన ఆమెకు, వచ్చిన కాడికెల్లి. గామె ముంగట ఎట్ల జెప్పుదు? ఆయిన్ని గొడ్డును కొట్టినట్టు కొట్టిండ్రని, బొక్కలు ఇరిగినయని ఎట్ల జెప్పుదు? నీ దిక్కే జూస్కుంట చెప్పిన. మనదానివి, సమజైతదనుకున్న. నువ్వు తలకాయ లేపనేలేదు.”

ఆ రోజు ఆయన అంతా చెప్పాడు. ఇద్దరినీ ఒకే కొట్లో పెట్టారు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి తీసుకుపోయేవారు. అరికాళ్ల మీద కొట్టేవారు, నిలబెట్టేవారు, కూర్చోనిచ్చేవారు కాదు. దోస్తును మాత్రం ఒక నాటి నుంచి రోజుకు మూడుసార్లు తీసుకుపోయారు. ఆరో రోజు ఆయన లేవలేదు. నీళ్లు తాగిస్తే మూతి పక్కనుంచి కారిపోయాయి. కంబళిలో చుట్టి ఇద్దరు ఎత్తుకుపోయారు. వదిలిపెట్టాక మన వైపు అధికారులు అడిగితే ఇవన్నీ చెప్పాడట, వాళ్లూ రాసుకున్నారట. ఆ కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు.

ఈసారి ఆయన అన్నది అన్నట్టు రాశాను. ‘కొట్టిండ్రు’ అంటే ‘కొట్టిండ్రు’ అనే రాశాను. నందికొండ సూపరింటెండెంట్ నవ్వు ఎక్కడో వినిపిస్తూనే ఉంది, అయినా రాశాను. పూర్తిగా చదివి వినిపించాను. ఆయన రెండుచోట్ల ఆపి సరిచేశాడు. సంతకం పెట్టాడు.

మా అధికారికి హిందీలో అంతా చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు, అది ముందే చెబుతున్నాను. కుర్చీలోంచి లేచి, బయటికి వచ్చి ఆ ముసలాయనకు నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు. ఈయన గొంగడి కింద పెట్టి తిరిగి సెల్యూట్ చేశాడు. అటెండరు కళ్లు తుడుచుకున్నాడు. కాగితంలో తప్పు పడ్డది, మళ్లీ పంపుతున్నం అని మాత్రం ఆమెకు చెప్పాను, తప్పు ఎవరిదో చెప్పలేదు. వాళ్లిద్దరూ వెళ్లిపోయాక మా అధికారి నన్ను లోపలికి పిలిచారు.

“మేడం, ఒకే మనిషి రెండు రకాలుగా చెప్పినట్టుంది ఇది. ఎందుకు మారిందో కవరింగ్ లెటర్లో కారణం రాయాలి” అన్నారు. “మీ పొరపాటు అని రాస్తే విచారణ పెడతారు. చదివి వినిపించాం అని తప్పుడు మాట రాసినందుకు ఇంకా గట్టిగా పట్టుకుంటారు. మీకు ఏడు నెలల సర్వీసు ఉంది. రిటైర్మెంట్ కాగితాలన్నీ ఆగిపోతాయి. పెద్దాయన వయసు వల్ల మొదట సరిగ్గా చెప్పలేకపోయాడని రాయండి. ఎవరికీ నష్టం లేదు.”

ఎవరికీ నష్టం లేదు. నాకు ఆ మాట ఎంత తియ్యగా తగిలిందో ఇప్పటికీ గుర్తుంది. బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి పావుగంట ఆలోచించినట్టు నటించాను. నిజానికి లోపల ఉండగానే తేల్చుకున్నాను. వచ్చి నా కుర్చీలో కూర్చొని, ముప్పై మూడేళ్ల నైపుణ్యమంతా పోసి ఒక్క వాక్యం రాశాను: ‘వయోభారము చేత సదరు వ్యక్తి మొదటి పర్యాయము విషయములను సరిగా వివరింపలేకపోయిరి.’ ఎక్కడా అబద్ధంలా వినిపించలేదు. అంత బాగా రాశాను.

మొదటి వాంగ్మూలం పొరపాటు, పిల్లలూ. దానికి నన్ను క్షమించమని అడగగలను. ఈ వాక్యం పొరపాటు కాదు. తెలిసి రాసింది.

రెండు నెలలకు జవాబు వచ్చింది. వాంగ్మూలం ఇచ్చిన వ్యక్తికి వయోభారం, జ్ఞాపకశక్తి లోపం ఉన్నట్లు మీ కార్యాలయమే తెలియజేసినందున రెండో వాంగ్మూలాన్ని పరిగణించలేము, మొదటిదాన్నే ఆధారం చేసుకొని ఫైలు మూసివేయడమైనది అని. నేను రాసింది వయోభారమే, జ్ఞాపకశక్తి లోపం దారిలో తోడైంది. యుద్ధ ఖైదీలను హింసించిందెవరో, ఎవరు జవాబు చెప్పాలో తేల్చడానికి మొదలైన ఫైలు అది. అందరూ అడిగి, అందరూ రాసి, చివరికి ఒక్క దోషిని పట్టుకున్నారు. మతి తప్పిన ముసలాయన.

ఆ కవరును వారం రోజులు సొరుగులో దాచాను. రోజూ తీసి చదివేదాన్ని, రోజూ లోపల పెట్టేదాన్ని. ఎనిమిదో రోజు ఆయనే వచ్చాడు, గొర్లకు మందు తీసుకుపోవడానికి పట్నం వచ్చానని చెప్పి.

“ఏమన్న వచ్చిందా చెల్లె?”

అబద్ధం చెప్పబోయాను. ఇంకా రాలేదన్నా అంటే సరిపోయేది, ఏడు నెలల్లో ఇంకా అయిదే మిగిలాయి. కానీ ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు. కవరు తీసి మొత్తం చదివాను. ఇస్త్రీ మాటలన్నీ విప్పి మన మాటల్లో కూడా చెప్పాను.

“నాకు మతి లేదని రాసిండ్రా?”

“అవునన్నా.”

“గా సంగతి ఆళ్లకెవలు జెప్పిండ్రు?”

“నేనే రాసిన” అన్నాను. “తప్పు నాది. నా మీద రాసుకుంటే నౌకరికి తిప్పలొస్తయని మీ మీద రాసిన.”

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన గొంగడి అంచు మడత సరిచేసుకుంటూ కూర్చున్నాడు. నేను ఆయన ముందే కాగితం తీసి, ఈసారి నా పేరుతో, నా హోదాతో, జరిగింది జరిగినట్టు రాశాను. చదివి వినిపించానన్నది అబద్ధమని రాశాను. మతి తప్పిందన్నది అబద్ధమని రాశాను. మా అధికారి దాన్ని రెండుసార్లు చదివించుకొని, సంతకం పెట్టి పైకి పంపారు. దానికి జవాబు ఇప్పటిదాకా రాలేదు. మూసిన ఫైలును ఎవరు తెరుస్తారు? నాకు కనీసం ఒక మెమో రాలేదు. బస్సుల బందునాడు అరగంట ఆలస్యమైతే మెమో ఇచ్చిన సర్కారు, దీనికి శాలువా కప్పి పంపింది. తర్వాతి ఆదివారం ఆ పెద్దావిడ ఇంటికి కూడా పోయాను, ఆ అన్న అలా అనలేదు, నేను తప్పు రాశాను అని చెప్పాను. ఎలా చనిపోయాడో మాత్రం చెప్పలేదు, ఆ అన్నకు మాట ఇచ్చాను. ఆమె నాకు మంచినీళ్లిచ్చింది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు నేను ఆ కాగితం రాసి ముగించాక ఆయన లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

“నీకొక మాట జెప్త చెల్లె. ఇది ఆమెకు ఎరుకలేదు, సర్కారుకు జెప్పలే. నాకు శరమై జెప్పలే.” గొంతు బాగా తగ్గించాడు. “ఆడ మేమున్నప్పుడు బయటి దేశపోళ్లు వస్తున్నరన్నరు, ఖైదీలను ఎట్ల జూస్తున్నరో అడగనీకి. గంతకు ముందు నాడు మా ఇద్దరి ముంగట ఒక కాయితం పెట్టిండ్రు. హిందీల సదివి ఇనిపిచ్చిండ్రు. మమ్ముల మంచిగ జూస్కుంటున్నరు, మాకే తక్లీఫ్ లేదు అని. సంతకం పెట్టుమన్నరు.”

నేను పెన్ను కింద పెట్టాను.

“నేను పెట్టిన” అన్నాడు. “దెబ్బలకు తాళలేక పెట్టిన. ఆయిన పెట్టలే. అబద్ధం కాయితం మీద నా పేరు రాయ, ఏమన్న జేస్కోండ్రి అన్నడు. గా దినం కాడికెల్లే ఆయిన్ని మూడు పూటలు తీస్కపోవుడు సురువైంది.”

లేచి గొంగడి భుజాన వేసుకున్నాడు. తలుపు దాకా నడిచి వెళ్లిపోయాడు. నా బల్ల మీద ఫైలు అలాగే తెరిచి ఉంది, అందులో అన్నిటికన్నా కింద నా మొదటి కాగితం ఉంది. ప్రాణం పోతున్నా ఆ దోస్తు ఒప్పుకోని మాటనే, ఆయన గురించి నేను రాసి పంపాను, నాలుగున్నర బస్సు కోసం.